వినోద మరిపించిన వారం

బడి ముఖమెరుగని పిల్లలతో వారాల పేర్లు గడగడ చెప్పించడమే మా తమ్ముడి కోడలు వినోద సాధించిన మొదటి గెలుపు. ఎల్లారెడ్డి పక్కన మా ఊరి అంగన్‌వాడీలో ఆమె టీచరు. ఏడుగురిని వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో వారం పేరు పెట్టింది. సోమవారానికి ముక్కు కారితే మంగళవారం తుడిచేది. ఏడాది పట్టింది. ఎల్లారెడ్డి మీటింగులో ఆమెకు శాలువా కప్పినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. ఆ తర్వాత పెద్దవాళ్లు కూడా వారం ఏదంటే ఆమెనే అడిగేవారు.

మొన్న కార్తీకంలో మా ఊరి ముత్తయ్య శుక్రవారం అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే పోయాడు. శనివారం పోయినవాళ్లు తోడు వెతుక్కుంటారని మా దిక్కున భయం. అందుకే పాడెకు కోడిని కడతారు. భార్య భూమక్క వినోదను అడిగింది.

"టీచరమ్మా, ఇది ఏ వారం లెక్క?"

"ఇంకా పొద్దు పొడువలే గదా అవ్వా. శుక్రవారమే."

కోడిని కట్టలేదు.

రెండు రోజులకు పిల్లలు వారాలు చెబుతూ శుక్రవారం దగ్గర ఆగిపోయారు. శనివారం పేరు ముత్తయ్య మనవరాలు మనోజ్ఞది.

"నీ వంతు బిడ్డా."

"నా వారం ఇంకా రాలే టీచర్."

"ఎవలు చెప్పిన్రే?"

"తాత. తలుపు కాడ కూసున్నడు. శనారం రాంగనే నన్ను తోల్కపోతడట."

తలుపు దగ్గర ఎవరూ లేరు. మిగతా పిల్లలంతా అటే చూస్తున్నారు.

ఆ సాయంత్రమే వినోద ఒక కోడిని కొని కాటి దగ్గర కట్టేసి వచ్చింది. పొద్దున అది కాలికి తాడుతో అంగన్‌వాడీ గడప మీద కూర్చుని ఉంది.

ఇక ఆమె రెండో పనికి పూనుకుంది. నేర్పిన వారాన్ని మరిపించింది. మనోజ్ఞను కూడా శుక్రవారమనే పిలిచింది. నేర్పడం కన్నా ఇదే కష్టం, అదీ సాధించింది. ఇప్పుడు శుక్రవారం తర్వాత అందరూ ఆదివారమే అంటారు. తనిఖీకి వచ్చిన మేడమ్ విని, "వారాలు ఆరేనా?" అని కోప్పడి, వినోదను కామారెడ్డి శిక్షణకు రమ్మంది.

బస్సు ఎక్కేముందు వినోద ఆయా కమలవ్వ చెయ్యి పట్టుకుంది.

"పిల్లలను వారాలు అడుగకు అవ్వా."

"నువ్వు ఎప్పుడొస్తవని అడిగితే?"

"రేపని చెప్పు."

"రోజూ రేపేనా? నన్ను పిచ్చిదనుకుంటరు."

"అనుకోనీ. ఆ వారం పేరు మాత్రం ఎత్తకు."

శిక్షణ శుక్రవారంతో అయిపోతుంది, ఆమె వచ్చేది ఆ మర్నాడు. మనోజ్ఞ తలుపు వైపే చూస్తూ టీచర్ ఎప్పుడని నన్నూ అడుగుతోంది. రేపే అంటున్నాను. అది ఏ వారమో ఇక్కడ కూడా రాయను. వినోద వచ్చేది డిసెంబరు ఇరవై.