తలుపు కొట్టాలని నేర్పిన సారు

మా లెక్కల సారు పోయారన్న సంగతి ఆదివారం పొద్దున మన్సూరాబాద్‌లోని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చూశాను. "మన కాలనీ పూర్వ నివాసి, పిల్లల ఆత్మీయులు" అని రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పూర్వ నివాసి ఎలా అయ్యారో మాత్రం ఒక్కరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

సారుది నల్లగొండ వైపు పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతూ మా బిల్డింగ్ పై అంతస్తులో కిరాయికి ఉండేవారు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బంద్ అంటే బడి ఉండదు, బస్సు ఉండదు, ఇంట్లో టీవీ ముందు పెద్దవాళ్ళ అరుపులు. మేము గుంటూరు నుంచి వచ్చినవాళ్ళం. నా స్నేహితురాలి నాన్న నల్లగొండ నుంచి వచ్చి ఆటో నడిపేవారు. మా ఇద్దరినీ, ఇంకో నలుగురినీ సారు డాబా మీదికి పిలిచి కాగితం, పెన్సిలు, రెండు పాచికలతో ఒక ఆట మొదలుపెట్టారు.

ఆటలో నగరం వరదకు ఖాళీ అయిపోయింది. మేము ఎల్బీనగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నడిచి ప్రాణాలతో చేరాలి. దారిలో వదిలేసిన ఇళ్ళలో దొరికినవే ఆధారం. ఒక్కో గదిని ఒక్కసారే వెతకాలి. ఏం దొరికిందో పాచికలు చెబుతాయి. ఎవరైనా ఆరు వస్తువులే మోయాలి. టార్చిలైటు పేరు పక్కన మూడు గళ్ళు గీసేవారు, వెలిగించినప్పుడల్లా ఒకటి కొట్టేయాలి. అన్నిటికన్నా పెద్ద రూలు మాత్రం సారు నోటితోనే చెప్పేవారు.

"ముందుగాల తలుపు కొట్టాలె. లోపల మనిషుంటే అడగాలె. అడగకుండ తెస్తే అది దొరికింది కాదు బిడ్డా, గుంజుకున్నది."

ఒకరోజు ఆటలో నాకు జ్వరం మాత్ర దొరికింది. ఒకటే. అప్పటికే నా స్నేహితురాలు జ్వరంతో నడవలేని స్థితిలో ఉంది. "తర్వాత నాకు పనికొస్తుంది సార్" అని నా పేరు కింద రాసుకోబోయాను.

"ఎప్పుడు పనికొస్తది? ఆ పిల్ల పోయినంకనా?"

ఆయన కోపంగా అనలేదు. నాకే ఒళ్ళు మండింది. కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, ఇచ్చేశాను.

నెల తిరగకుండానే కాలనీ పెద్దలు సారును కింద వరండాలో నిలబెట్టారు. కుర్చీ కూడా వేయలేదు.

"ఇలాంటి రోజుల్లో పిల్లలకి ఇళ్ళు దోచుకోవడం నేర్పుతున్నారా మాస్టారూ?" అన్నారు మా నాన్న.

"ఆంధ్రోళ్ల పిల్లలతోని మా పిల్లకేం ఆట?" అన్నారు నా స్నేహితురాలి నాన్న. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరూ సారు మీదికి మాత్రం ఒక్కటయ్యారు.

"దోచుడు కాదు సార్. జర గీ రూల్సు సదవుండ్రి" అని సారు కాగితం చాచారు. ఎవరూ అందుకోలేదు.

నాన్న నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆటలో ఎవరిళ్ళలో దూరుతున్నారు? మనవాళ్ళవేనా?"

ఆ ఇళ్ళకు పేర్లు లేవు, జిల్లాలు లేవు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "తెలీదు నాన్నా" అన్నాను. సారు తల దించుకున్నారు. ఆ వారమే డాబాకు తాళం పడింది. నెలాఖరుకు సారు సామాను అల్మాస్‌గూడకు వెళ్ళిపోయింది.

తర్వాత ఎన్నోసార్లు ఆ దారిన బస్సులో పోయాను. ఒక్కసారీ దిగలేదు. చిన్నపిల్లని కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడా సాకంటే నాకే అసహ్యం. నేను భయపడి అబద్ధమాడాను. పెద్దలకు ఆ భయం కూడా లేదు. చేతికిచ్చిన కాగితం చదవకుండానే మనిషిని వెళ్ళగొట్టారు.

ఆదివారమే అల్మాస్‌గూడ వెళ్ళాను. సారు భార్య నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకున్నారు. "మీ సారు నిన్నెన్నడు తప్పు పట్టలే బిడ్డా. అంత చిన్నపిల్లను అందరి ముంగట నిలబెట్టిండ్రని వాళ్ల మీదనే కోపం జేస్తుండె" అన్నారు.

ఆయనకూ కోపం వచ్చేదని, అది నా కోసమని, నాకప్పుడే తెలిసింది.

మా కాలనీ పెద్దలు పెద్ద దండ తెచ్చారు. సారు ఇంటి గేటు పక్కన గోడకు చిన్న నల్లబల్ల, దాని మీద సారు చేతిరాత: "సోమవారం క్లాసు ఉన్నది. 5 గంటలకు." శ్రద్ధాంజలి కాగితం అంటించడానికి పెద్దాయన ఒకరు రుమాలు తీసి అక్షరాలు తుడవబోయారు.

"ముట్టుకోకండి" అన్నాను, వీధంతా వినబడేలా.

ఆయన చేయి గాలిలోనే ఆగింది. బల్ల అంచు మీద, సగం అరిగిన సుద్దముక్క.