ఎ షే అనడం నేర్చుకున్నాను

పిల్లలూ, మీ పక్కింటి ముసలామె గురించి రాస్తున్నాను. లాగోస్‌లో మీరు ఆమెను 'ఇయా' అని పిలుస్తారు. అక్కడి యోరుబా భాషలో అమ్మ అని అర్థమట. మీ అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నేను సిరిసిల్లలోనే ఉండిపోయాను. పాస్‌పోర్టు లేదు, ఒంట్లో ఓపికా లేదు. మీ నాన్న బట్టల మిల్లులో షిఫ్టుకు పోతే, మీ అమ్మకు తల దువ్వింది, జావ కాచి తాగించింది, మీ ఇద్దరికీ స్నానాలు చేయించి బడికి పంపింది ఆమే. నేను చేయాల్సిన పని ఆమె చేసింది. ఆమె ఇల్లు ఖాళీ చేసి, కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోతోందని మీ అమ్మ చెప్పింది. వెళ్ళేలోగా ఆమె భాషలో, నా నోటితో థాంక్స్ అని ఒక్క మాట చెప్పాలనిపించింది.

"గంతేనా అమ్మమ్మా? 'ఎ షే' అను," అన్నావు పెద్దదానా. "'ఎ' అంటే మనం పెద్దోళ్లను మీరు అన్నట్టు."

అన్నాను. వీడియో కాల్‌లో నువ్వు ముఖం చిట్లించావు.

"ఒర్రుతున్నవ్ అమ్మమ్మా."

"ఒర్రుతలేను బిడ్డా, చెప్తున్న."

"తమ్ముడు చెవులు మూసుకున్నడు సూడు!"

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. నేను కాపురానికి వచ్చేనాటికే మన ముందు గదిలో సాంచాలు ఆడుతుండేవి. మీ తాత వాటి మధ్య నిలబడితే, నేను మూలన కూచుని దారం కండెలు చుట్టేదాన్ని. ఆ చప్పుడులో మాట వినబడాలంటే గొంతును ఒక ఎత్తుకు తీసుకుపోయి అక్కడే పట్టుకోవాలి. దించితే మునిగిపోతుంది. "తిన్నవా?" అన్నా, "దారం తెగింది" అన్నా ఒకటే ఎత్తు. మిగతాది పెదవులు చూసి తెలుసుకునేవాళ్ళం. సాంచాలు అమ్మేశాక నేను మెత్తని మనిషినయ్యానని వాడకట్టంతా అంటుంది. కానీ ఫోన్ పట్టుకుంటే చాలు, దూరంగా ఉన్నవాళ్ళకు వినబడదేమోనన్న భయానికి ఆ పాత గొంతే లేస్తుంది. కోరుట్లలో మీ నానమ్మ ఊరికే దెప్పుతుంటుంది.

"వదినె, ఫోన్ పెట్టేసి గట్లనే మాట్లాడు. కోరుట్ల దాక ఇనవడ్తది."

యోరుబాలో అది కుదరదని నువ్వు చెప్పావు. అక్కడ గొంతు ఎత్తు కూడా మాటలో భాగమట. 'ఒకో' అని సమంగా అంటే మొగుడు. చివర పైకి లేపితే పొలంలో తవ్వే పార. చివర దించితే బండి. నాకు వింతగా తోచింది. మనం విసుగ్గా "రా" అన్నా, ముద్దుగా "రా" అన్నా రమ్మనే కదా. మన గొంతు మనసును చెబుతుంది, మాట జోలికి పోదు. మరి వాళ్ళకు కోపమొస్తే ఏం చేస్తారని అడిగాను.

"అందరి లెక్కనే ఒర్రుతరు అమ్మమ్మా. గని ఏది పైకి, ఏది కిందికి అనేది మాత్రం తప్పరు."

'ఎ' నడిమిలో ఉండాలి, 'షే' పైకి పోవాలి. నేనేమో మొదలే పైన పెడుతున్నాను, ఇక ఎక్కడానికి చోటేదీ? బియ్యంలో రాళ్ళు ఏరుతూ, బట్టలు మడతపెడుతూ అనుకునేదాన్ని. చిన్నగా అంటేనే పైన చోటు మిగులుతుందని మెల్లగా తెలిసింది.

"ఏం జపం జేస్తున్నవ్ పెద్దమ్మా?" అంది మా పక్కింటి కోడలు.

"కొత్త దేవత దొరికిందే," అన్నాను.

ఇయా వెళ్ళే పొద్దున మీ అమ్మ ఫోన్ ఆమె ముందు పెట్టింది. ఇయా తలకు నీలం గుడ్డ చుట్టుకుంది. నా ఈడు మనిషే. చూడగానే నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఎ షే!"

ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"మెల్లగ అమ్మా, మెల్లగ," అంది మీ అమ్మ.

కళ్ళు మూసుకుని మళ్ళీ అన్నాను, సగం గొంతుతో. ఈసారి ఆమె "ఆఁ" అంటూ నవ్వింది. తిరిగి ఏదో పెద్ద మాటే చెప్పింది. "ఎత్తు దొరికింది అమ్మమ్మా!" అని నువ్వు చప్పట్లు కొట్టావు.

అంతటితో సరిపోవాలి. సరిపోలేదు. నా బిడ్డకు తల దువ్విన చేతులకు ఆ మాట చాలదనిపించింది. నాకు తెలియకుండానే మన మాట వచ్చేసింది.

"నీ కడుపు సల్లగుండ తల్లీ."

దాన్ని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక నువ్వు తడబడ్డావు.

"నీ పిల్లలు మంచిగుండాలె అంటుందని చెప్పు బిడ్డా."

చెప్పావు. కడుపు అంటే ఏదో చూపించావు కూడా. ఆమె చేయి పొట్ట మీద పెట్టుకుని, నా మాటను నెమ్మదిగా తిరిగి అంది. అక్షరాలు కొన్ని జారిపోయాయి. కానీ నేను ఎక్కడ లేపానో అక్కడ లేపింది, ఎక్కడ దించానో అక్కడ దించింది. 'తల్లీ' దగ్గర నా గొంతు వణికిందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ వణుకును కూడా ఆమె వదలలేదు. ఆమెకు అదీ మాటే.