ఆంటీ హార్డ్ డిస్క్ గురించి నేను చెప్పని నిజం

మా కింది అంతస్తు ఆంటీ పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. పాల ప్యాకెట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయనీ, ఎంత పిలిచినా తలుపు తియ్యడం లేదనీ ఎదురింటివాళ్ళు ఫోన్ చేసేసరికి నేను నోయిడా వెళ్ళే క్యాబ్‌లో ఉన్నాను. వెనక్కి తిరిగి వచ్చేలోపే డాక్టరు చూసి వెళ్ళిపోయారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారట. సాయంత్రానికి కాకినాడ నుంచి ఆవిడ తమ్ముడు వచ్చారు. ఢిల్లీ పక్కన వైశాలిలో మా బిల్డింగంతా ఆవిడని ఆంటీ అనే పిలిచేది, తెలుగు పిల్లలు మాత్రం అమ్మమ్మ అనేవారు.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. కానీ ఆవిడ దగ్గర నేను దాచిన సంగతి ఒకటుంది. అది వదిలేసి మిగతావన్నీ రాస్తే ఇంకోసారి అబద్ధమాడినట్టే అవుతుంది.

ఆంటీ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరి, కంప్యూటర్ సెక్షన్‌లో రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరి లాప్‌టాప్ మొరాయించినా ఆవిడ బల్ల మీదకే చేరేది. విప్పిన మరలన్నీ ఐస్ ట్రేలో ఒక్కో గదిలో ఒక్కోటి వేసి, ఏది ఏ మూలదో చిన్న చీటీ మీద తెలుగులో రాసుకునేవారు. పని చేస్తున్నంతసేపూ మాట్లాడేవారు కాదు. అయ్యాక మాత్రం టీ తాగకుండా కదలనిచ్చేవారు కాదు.

నా లాప్‌టాప్ నెమ్మదించినప్పుడు డిస్కు మార్చుకుంటే చాలన్నారు. ముందు మూత విప్పి చూసి, మోడల్ నంబరు రాసుకుని, ఆ తర్వాతే కొనమని చెప్పారు. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని, నాకు ఇంత పాఠమెందుకు అనుకున్నాను. ఆఫీసులో భోజనాల వేళ ఫోన్‌లో చూసి, మంచి రేటింగ్ ఉన్న కొత్త రకం డిస్కు, ఎస్‌ఎస్‌డీ ఒకటి తెప్పించాను. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉంది, గాడిలో చక్కగా కూర్చుంది. లాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తించనేలేదు. ఆంటీ భూతద్దం పెట్టి దాని మీది అక్షరాలు చదివి నవ్వారు.

"గాడిలో పట్టింది కదాని సరిపోదమ్మా. నీ లాప్‌టాప్‌కి పనికొచ్చేది సాటా రకం. నువ్వు తెచ్చింది ఇంకో రకం, ఎన్‌వీఎంఈ. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, అక్కడే చిక్కు."

దాన్ని వాపసు పంపి, ఆవిడ పక్కన కూర్చుని సరైనది తెప్పించుకున్నాను. లాప్‌టాప్ కొత్తదానిలా పరుగెత్తింది. పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఆదివారాలు ఆవిడ తన ఇంట్లో మా బిల్డింగ్ తెలుగు పిల్లలకు తెలుగు చదవడం నేర్పేవారు. వీళ్ళకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఆవిడ విసుక్కునేవారు కాదు. ప్రతి ఒక్కరిచేతా ఒక పేజీ పైకి చదివించి, తన పాత లాప్‌టాప్‌లో రికార్డు చేసేవారు. "పెద్దయ్యాక వింటారు, సిగ్గుపడతారు, అప్పుడు ఇంకా బాగా చదువుతారు" అనేవారు. అలా మూడేళ్ళపాటు పట్టిన గొంతులన్నీ అందులో ఉండేవి. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు 'కాళ్ళు' అనలేక 'కాల్లు' అంటూ చదివిన మొదటి పేజీ కూడా అందులోనే ఉండేది.

పోయిన ఏడాది ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది. చిన్న మరలు ఆనడం లేదని, ఈసారి తన లాప్‌టాప్ డిస్కు నన్ను మార్చమన్నారు. కొత్త డిస్కు విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డాను. సాటానా కాదా, మందం సరిపోతుందా అని రెండుసార్లు చూశాను. అది పొరపాటు లేకుండా అమరింది. ఇక పాత డిస్కును బయటి నుంచి కలిపే ఒక డబ్బాలో పెట్టి, కేబుల్ తో లాప్‌టాప్‌కి కలిపి, అందులోవన్నీ కొత్తదానిలోకి ఎక్కించాలి. కేబుల్ ఇచ్చే కరెంటు చాలక మాటిమాటికీ ఆగిపోతోంది. డబ్బాకి పక్కన అడాప్టర్ పెట్టుకునే రంధ్రం ఉంది గానీ దాని అడాప్టర్ కనబడలేదు. పది నిమిషాల్లో ఆఫీసు కాల్ ఉంది. వైఫై రూటర్ అడాప్టర్ పీకి గుచ్చాను. సరిగ్గా పట్టింది. డబ్బాకి కావలసింది ఐదు వోల్టులు, అది ఇచ్చేది పన్నెండు. రెండింటి మీదా రాసే ఉంది. నేను చదవలేదు.

కాలిన వాసన వచ్చింది.

ఢిల్లీ కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్‌లో రెండు షాపులు తిరిగాను. డిస్కు బోర్డు మార్చి చూశారు, లోపలి భాగం కూడా దెబ్బతింది, అందులోవి ఇక రావన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆంటీ దగ్గరకు వెళ్ళి, "పాతది కదా ఆంటీ, కాపీ చేస్తుండగా దానంతటదే పోయింది" అన్నాను.

ఆవిడ డిస్కు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక్క నిమిషం నా వైపు చూశారు.

"పోన్లే అమ్మా. పిల్లలున్నారుగా, మళ్ళీ చదివిద్దాం."

ఆ ఆదివారమే మళ్ళీ మొదలుపెట్టారు. మా అమ్మాయి 'కాళ్ళు' అని తప్పు లేకుండా చదివింది. నేను ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత చాలాసార్లు చెబుదామనుకున్నాను. ఒకసారి టీ తాగుతూ "ఆంటీ, ఆ డిస్కు..." అన్నాను కూడా. కొత్తది బాగా నడుస్తోందని చెప్పి, మా అమ్మాయి పన్ను ఊడిందా అని అడిగారు. ఆవిడకు తెలిసే నన్ను కాపాడారో, నిజంగానే మరిచిపోయారో నాకిక తెలిసే దారి లేదు. అప్పటికి మాత్రం బతికిపోయాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

వెళ్ళేముందు ఆవిడ తమ్ముడు లాప్‌టాప్ నా చేతికిచ్చి, పిల్లల గొంతులున్నాయని అక్క చెప్పేది, మీరే ఉంచండి అన్నారు. రెండు చోట్ల కాపీ చేసి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటే విన్నాను. ప్రతి దాని చివరా ఆవిడ గొంతు ఉంది. "బాగుంది. ఇంకొక్కసారి."

మా అమ్మాయికి జరిగినదంతా చెప్పాను. "అమ్మమ్మ కో బతాయా థా?" అంది, అమ్మమ్మకి చెప్పావా అని. లేదన్నాను. 

ఈ ఆదివారం నుంచి పిల్లల్ని మా ఇంటికే పంపమని అందరికీ చెప్పాను. పదింటికి తలుపు తీస్తే మిగతా పిల్లలు ఐదుగురూ పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. అందరివీ ఉత్త కాళ్ళే. చెప్పులేవని మెట్ల మీంచి వంగి చూశాను. కింద ఆంటీ ఇంటి ముందు, తాళం వేసిన తలుపు వైపు తిరిగి, ఐదు జతలూ వరసగా ఉన్నాయి.