క్వారీకి రెండో అర్థం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా యారాలు, మా మరిది భార్య. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తున్నాను. ఆమె ఫోన్ పట్టుకొని గబగబా లోపలికి వచ్చింది.

"అక్కా, జర గిది సదువు. మన గుట్ట కాడికి క్వారీ వస్తాందట. ఊరంత గదే ముచ్చట."

ఎవరో పంపిన ఇంగ్లీషు పేపరు ఫొటో అది. పై హెడ్డింగు తప్ప కిందిదంతా ఫొటోలో తెగిపోయింది. 'బిగ్ క్యాట్ ఆఫ్టర్ క్వారీ' అని ఉంది, పక్కన మా ఊరి పేరు, గుట్ట. మాది మొగుళ్లపల్లి దగ్గరి ఊరు. క్వారీ వస్తే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పేలుళ్లకు గోడలు పగులుతాయి, పత్తి మీద తెల్లటి దుమ్ము పేరుకుంటుంది, బావుల్లో నీళ్లు దిగిపోతాయి.

"బిగ్ క్యాట్ అంటే ఏందక్కా?"

"పెద్ద పిల్లి. కంపెనీ పేరేమో."

"పిల్లి పేరు పెట్టుకొని గుట్టను మింగుతరా! మంచిగనే ఉంది."

ఇద్దరం నవ్వాం కూడా. ఇంగ్లీషు వచ్చిన కోడలు చెప్పిందంటే నిజమేనని ఆ మాట ఊళ్లోకి పోయింది.

మధ్యాహ్నం చిన్నత్త వచ్చింది. మా మామ తమ్ముడి భార్య. ఆయన పోయాక గుట్ట కింద ఉన్న కాస్త చేను, అందులోని బావి, ఇవే ఆమె బతుకు. ఆ చేను ఇమ్మని పక్క ఊరి మనిషి ఒకాయన ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు, ఈమె ఇవ్వనంటోంది.

"బిడ్డా, నువ్వే సదివినవట. నిజమేనా?"

"అవును చిన్నత్తా, క్వారీ అనే ఉంది."

"గట్లయితే రేపు పొయ్యి ఒప్పుకుంట. దుమ్ము పడ్డంక ఎవడు కొంటడు? ఇయ్యాల పొద్దుగూకేదాంక చేన్లనే ఉంట. బాయికి పసుపు కుంకుమ పెట్టొస్త."

కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయింది. నా నోటి మాట మీద ఒక మనిషి చేను పోబోతోంది. కూర్చోలేకపోయాను. 'ఆఫ్టర్' అనే మాట ఒకటి నన్ను పీకుతోంది. ఆఫ్టర్ అంటే తర్వాత అనే కాదు, వెంబడి అని కూడా. క్వారీ వెంట పడటం ఏమిటి? రాయి పరుగెత్తదు కదా.

సందుగలోంచి డిక్షనరీ తీశాను. అది మా పెద్దనాయినది. నేను పుట్టింది తరిగొప్పుల దిక్కు. చిన్నప్పుడు కాలు పడిపోతే, దవాఖాన దగ్గరని భూపాలపల్లిలో ఆయన క్వార్టర్‌కు తీసుకుపోయారు. బడికి నడవలేని నాకు ఆయనే బడి. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి వచ్చి, స్నానం చేసి, మానుకోటలో పాతపుస్తకాల దగ్గర కొన్న ఈ డిక్షనరీ ముందర వేసుకొని కూర్చునేవాడు. రోజుకు ఐదు మాటలు. "ఒక మాటకు ఒక్క అర్థం చాలు బిడ్డా. కడమది రేపు." క్వారీ అంటే రాళ్లు తవ్వే చోటు అని అప్పుడే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆయనకు దమ్ము, అదే ఆయాసం, ఎక్కువైంది. చాలా మాటల రేపులు అట్లాగే ఉండిపోయాయి.

పేజీ తిప్పాను. క్వారీ రెండుసార్లు ఉంది. మొదటిది రాళ్లది. రెండోది వేరే మాట, అక్షరాలు మాత్రం అవే. దాని పక్కన పెన్సిలుతో ఆయన చేతిరాత: 'రేపు'.

ఆ రెండో క్వారీకి అర్థం, వేటలో తరుముతున్న జంతువు. వెంట పడుతున్న మనిషిని కూడా అట్లా అంటారట. పూర్వం చంపిన జంతువు తోలు మీద వేటకుక్కలకు పెట్టే మాంసం వాటా పేరు అది, అక్కడినుంచి జంతువు పేరయిందట. మా దగ్గర పండుగకు కోసే మేకను కూడా 'వేట' అనే అంటాం. చేసే పనికీ జీవానికీ ఒకటే పేరు. ఇది నాకెందుకు తట్టలేదో! బిగ్ క్యాట్ కూడా వెతికాను. పులి, చిరుత, అట్లాంటివి.

అంటే గుట్ట దగ్గర పులి దేన్నో తరుముతోంది. చిన్నత్త అక్కడే ఒక్కతే ఉంది.

మా ఇంటాయనకు ఫోన్ చేశాను. ఆయన నలుగురిని వెంటబెట్టుకొని, డప్పు కొట్టుకుంటూ పోయాడు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను దేవుడి ముందు నుంచి లేవలేదు. పొద్దు ఉండగానే చిన్నత్తను తీసుకొచ్చారు. చేతికి ఇంకా పసుపు ఉంది. నేను ఆమె చేతులు పట్టుకొని తప్పు చదివానని చెప్పాను.

"క్వారీ కాదా? పులా?"

"పులే చిన్నత్తా."

"ఓసి నీ! గా మాట పొద్దుగాల్నే చెప్పొద్దా? పులయితే నాలుగొద్దులకు పోతది. క్వారీ వస్తే పోతదా?" అని నవ్వింది. "రేపు నేనేడికి పోను."

మర్నాడు అటవీ శాఖ వాళ్లు వచ్చి వాగు దగ్గర పులి అడుగులు చూశారు. అడవిపంది వెంట వచ్చి అటే వెళ్లిపోయిందన్నారు. చిన్నత్త ఈ ఏడు కూడా ఆ చేన్లో పత్తి పెట్టింది. దేవుడి దయ.

నేను చదివింది సగమే. మిగతా సగాన్ని పెన్సిలుతో గుర్తుపెట్టి పోయిన మనిషి మా పెద్దనాయిన. మీరు ఎప్పుడైనా డిక్షనరీ తెరిచి ఒక మాట చూస్తే, దాని రెండో అర్థం దగ్గర ఒక్క క్షణం ఆగి ఆయనను తలుచుకోండి.