నేను రాసిన మెచ్చుకోలు ఉత్తరం

మా బావను దొంగ అని రాసి ఇంటికి పంపించారు. అతను దొంగతనం చేయలేదు. పక్క కంపెనీ పని ఆగిపోతోందంటే ఒక చైన్ బ్లాక్, అదే బరువులెత్తే గొలుసు కప్పీ, చేతికిచ్చాడు. ఆ పక్క కంపెనీ మాది. అడిగినవాణ్ణి నేను.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సౌదీలో జిజాన్ ఓడరేవు పక్కన ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు కడుతుండేవాళ్లం. కంపెనీలు కలిసి పనిచేయడమంటే మేనేజర్లు బల్ల చుట్టూ కూర్చోవడమేనని పెద్దల నమ్మకం. మా పైపుల కంపెనీ, బావ వాళ్ల పరంజా కంపెనీ, ఇంకో క్రేన్ల కంపెనీ శనివారం శనివారం మీటింగు పెట్టుకునేవి. ఎవరి ఫ్లాస్కు వాళ్లు తెచ్చుకునేవారు (ఒకరి చాయ్ ఇంకొకరు తాగగా నేను చూడలేదు). మూడు స్టోర్ల మధ్య ఉన్నది ఒక్క ఇనుప కంచె. వస్తువు కావాలని రాసిన ఉత్తరం మాత్రం రియాద్‌లోని పెద్దాఫీసు దాకా వెళ్లి తిరిగొచ్చేది.

అసలు పని నడిచింది ఆ కంచె దగ్గర. బావది సిరిసిల్ల, నాది జగిత్యాల. చుట్టరికమేమీ లేదు, ఒకర్నొకరం బావా అనుకునేవాళ్లం, అంతే. అతను అక్కడ స్టోర్ కీపర్, నేను ఇక్కడ. క్రేన్ల స్టోర్‌లో పెషావర్ చాచా. శుక్రవారం చాచా నమాజు ముగించుకుని రాగానే ముగ్గురం చాయ్ తాగుతూ ఎవరికేం కావాలో చెప్పుకునేవాళ్లం. తీసుకున్నదాన్ని కడిగి, నూనె పూసి, అడగకముందే తిరిగివ్వాలి. అదొక్కటే షరతు. ఒకసారి నేను మట్టి అంటిన రెంచిని అలాగే తిరిగిచ్చినందుకు చాచా వారం రోజులు నా సలాముకు జవాబివ్వలేదు. ఆ నమ్మకం కుదరడానికి మాకు ఏడాది పట్టింది.

ఒకరోజు పంపు దించుతుండగా మా చైన్ బ్లాక్ విరిగింది. కంచె దగ్గరికి పరిగెత్తాను. "తీస్కపో బావా. నూనె వెట్టకుంట తెస్తే మాత్రం నీ మెడకే కడ్త" అన్నాడు బావ. పంపు దిగింది, చైన్ బ్లాక్‌ను నూనె పూసి తిరిగిచ్చేశాను, మా మేనేజరు నా భుజం తట్టాడు. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఏడో తరగతితో బడి మానేసి, మందుల డబ్బాల్లో కాగితాలూ మిషన్లతో వచ్చే పుస్తకాలూ చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఆ ఇంగ్లీషుకు తగిన సందర్భం కోసం ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. బావకు పేరు రావాలని వాళ్ల మేనేజరుకు రెండు పేజీల మెచ్చుకోలు రాశాను. తమ స్టోర్ కీపరు ఏ కాగితమూ ఏ సంతకమూ అడగకుండా ఏడాదిగా మాకు కావలసినవన్నీ ఇస్తున్నాడని పొగిడాను (ఆ 'ఏడాదిగా' కింద గీత కూడా గీశాను).

నాలుగో రోజు బావకు ఎగ్జిట్ కొట్టారు, అంటే దేశం విడిచి పొమ్మని పాస్‌పోర్టులో ముద్ర. కారణం, కంపెనీ సామాను దొంగతనంగా బయటికి ఇవ్వడం. వస్తువు తిరిగిచ్చామని ఒక్క ముక్క రాసివ్వమని మా మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను. తీసుకున్నట్టే మన దగ్గర కాగితం లేదు, తిరిగిచ్చినట్టు ఎలా రాయనన్నాడు. బావ బండి ఎక్కుతూ నా వైపు తిరిగి, "ఆ ఇంగ్లీషంత నీదేనా బావా? మస్తుగున్నదట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ తర్వాత కంచె దగ్గరికి ఎవరూ రాలేదు. చాచా కూడా కాగితం అడగడం మొదలుపెట్టాడు, ఆయన్ని తప్పు పట్టలేను. నాలుగు బోల్టుల కోసం పని రెండేసి రోజులు ఆగేది. ఏడాది తిరక్కుండా ఆ పరంజా కంపెనీయే తన గేటు మీద 'సహకారమే మన బలం' అని మూడు భాషల్లో బోర్డు పెట్టింది.

కాగితం మీద 'దొంగ' అన్న ఆ మాట ఉన్నంతకాలం బావను ఏ కంపెనీ తీసుకోదు. దాన్ని కొట్టేయమని నాలుగు ఉత్తరాలు రాశాను, ఒకదాన్ని మించిన ఇంగ్లీషులో ఇంకొకటి. జవాబు లేదు. ఐదోది ఆ కంపెనీలో అందరికంటే పైవాడికి రాద్దామని, బావ మంచితనమంతా విడమరిచి, ముందుగా ఒక నకలు బావకే పంపాను. నలభై దాటినా ఇంకా ఉత్తరాన్నే నమ్ముకున్న అప్పటి నన్ను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, వెంటనే జాలీ వేస్తుంది. మూడు నెలలకు బావ దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"బావా, మంచిగున్నవా. నేను బట్టలు నేసే సాంచాల మీద పనికి పోతున్న, పిల్లలు మంచిగున్నరు. నువ్వు రాసింది బడి సారుతోని సదివించుకున్న. నీ మీద నాకు కోపం లేదు, ఎన్నడు లేకుండె. గని నీకు దండం వెడత బావా, ఇగ నా గురించి ఎవ్వలకు మంచిగ రాయకు."