చూడని సంచికి నా సాక్ష్యం

తొమ్మిదేళ్లుగా ఒక మాట లోపలే మోస్తున్నాను. ఇంట్లో ఆమెకు కూడా చెప్పలేదు. అలసిపోయాను. నేను చదివింది ఐదో తరగతి, రాయడం ఇదే మొదలు. ఓపిగ్గా చదవండి.

పోలీస్ స్టేషన్ గోడ పక్కన నాది టీ అంగడి. లోపల పంచనామాకు సాక్షి కావాలంటే నన్నే పిలిచేవాళ్లు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి, పొయ్యి మీది పాలు పొంగేలోపల వచ్చేసేవాణ్ని. తర్వాత అందులో ఏం రాసుకునేవాళ్లో అడగలేదు.

నా బెంచీ మీద ఒకాయన కూర్చుని అర్జీలు రాసేవాడు. అందరూ అర్జీలన్న అనేవాళ్లు. జామీను ఇచ్చే దిక్కులేక జైల్లో ఉండిపోయినవాళ్ల భార్యలు, తల్లులు ఆయన కోసం వచ్చేవాళ్లు. ఎండాకాలం జైల్లో మనిషికి రోజుకు రెండు చెంబుల నీళ్లే ఇస్తున్నారని ఒక అర్జీ రాశాడు. అది పైకి పోయిన వారానికే ఆయన్ని పట్టుకున్నారు. సంచిలో నాటుబాంబులు దొరికాయన్నారు. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది.

కోర్టులో "నీ ముందే దొరికినాయా?" అని అడిగారు. "అవునయ్యా" అన్నాను.

ఎందుకన్నాను? అంగడి పీకేస్తారని భయం. ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. అంతేనా? మా వీధిలో వేలిముద్రవాళ్లే ఎక్కువ, అలాంటిది పోలీసాయన కుర్చీ జరిపి, కూర్చోమని పెన్ను చేతికిస్తే నాకెంత గొప్పగా ఉండేదో, ఆ గొప్ప పోతుందనే ఒక మనిషిని లోపలికి పంపానేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజే కోర్టు వరండాలో అర్జీలన్న ఎదురయ్యాడు. అటొక పోలీసు, ఇటొక పోలీసు.

"ఏమప్పా, అంగడి నడుస్తాందా?" అన్నాడు.

"నడుస్తాందన్నా."

"ఆ సంచి యా రంగుదో నాకూ చెప్పప్పా. నేనింగా చూడనేలేదు."

పోలీసులు కూడా నవ్వారు.

"పోయి నీళ్లు తాగు. నోరు ఎండిపోయినట్టుండాది" అన్నాడు.

నాలుగేళ్లు లోపలున్నాడు. పైకోర్టు వదిలేసింది. మోకాళ్లు పోయాయి. ఇప్పుడు బస్టాండులో కూర్చుని రాస్తున్నాడు. సాక్షి పొరబడి ఉండొచ్చని తీర్పులో ఉందని వకీలు గుమాస్తా చెప్పాడు. ఆ మాట వెనకే ఇన్నాళ్లూ దాక్కున్నాను. రెండుసార్లు బస్టాండు దాకా పోయి, ఆయన్ని దూరం నుంచి చూసి తిరిగొచ్చాను. మూడోసారి పోతానా? తెలీదు.

నేను పొరబడలేదు. ఏ సంచీ చూడలేదు. చూశానని చెప్పాను.

నాకు తప్ప ఇంకొకరికి తెలియాలి. ఇప్పుడు మీకు తెలుసు.