మా మరిది కర్ర ఎత్తిన దసరా

పోయిన నెలలో భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే ఎముకల డాక్టరుగారు ఫిజియోథెరపీకి పంపించారు. అక్కడి అమ్మాయి నా చేతికో ప్లాస్టిక్ కర్ర ఇచ్చి, రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పమంది. తిప్పాను. కాసేపు చూసి, "ఏంటాంటీ, కర్రసాము నేర్చుకున్నారా చిన్నప్పుడు?" అని నవ్వింది. నేనేనాడూ నేర్చుకోలేదు. కాకపోతే జగ్గయ్యపేటలో కాపురానికి వచ్చిన తొలి సంవత్సరాల్లో, మా మరిది పొద్దున్నే పెరట్లో కర్ర తిప్పుతుంటే, వంటింటి కిటికీలోంచి చూస్తూ అన్నం మాడబెట్టిన రోజులు చాలానే ఉన్నాయి. చూసిన చేతికే ఇంత అబ్బిందంటే తిప్పినవాడి చేతికి ఎంత ఉండాలి! ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ అతనే గుర్తొచ్చాడు.

డెబ్భైల చివర్లో నాకు పెళ్ళైంది. మావారు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. మరిదిది ఇంచుమించు నా వయసే. సున్నపురాయి లారీలు పోయే రోడ్డు పక్క ఇల్లు మాది. పొద్దున ఆరేసిన తెల్లపంచె మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. తులసాకుల్ని కూడా తుడిచి కోసుకోవాల్సి వచ్చేది. ఆ దుమ్ములో మరిది కర్ర పట్టుకుని గిర్రున తిరుగుతుంటే మనిషి కనపడేవాడు కాదు, చప్పుడొక్కటే వినపడేది. కొత్త కోడలిని, ముచ్చటపడి, "ఎవరికోసం ఇంత సాధన?" అని వేళాకోళమాడాను. "ఒకడి మణికట్టు కోసం వదినా" అన్నాడు, నీళ్ళు తోడుకుంటూ, మామూలుగా. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

కథంతా మా అత్తగారు చెప్పారు, చింతపండు పిక్క తీస్తూ. మరిది, నందిగామలో ఉండే అతని స్నేహితుడు, ఇద్దరూ ఒకే ఉస్తాదు దగ్గర కర్ర నేర్చుకున్నారు. ఉస్తాదు ముసలి సాయిబుగారు, లారీల బాడీలు కట్టే షెడ్డు వెనక ఆయన తాలింఖానా, కర్రసాము నేర్పే చోటు. శిష్యులిద్దరూ ఒకే కంచంలో తిన్న మనుషులు. నందిగామలో మా అత్తగారి అన్నగారి అమ్మాయి ఉంది. చిన్నప్పటినుంచీ ఆ పిల్ల మా మరిదికే అనుకున్నారు, వాళ్ళిద్దరూ కూడా అలాగే అనుకున్నారు. ఇంతలో మద్రాసులో సినిమా ఫైట్లకి మనుషులు కావాలంటే, పెళ్ళి ఖర్చులకి పనికొస్తుందని మరిది వెళ్ళాడు. కబుర్లు చేరవేసే పని స్నేహితుడికి అప్పజెప్పి మరీ వెళ్ళాడు. ఆ స్నేహితుడు మోసుకెళ్ళిన కబురేమిటంటే, "మీవాడు అక్కడెవర్నో చేరదీశాడు, ఇక రాడు" అని. పిల్ల తండ్రికి పరువు మీదికొచ్చింది, పిల్లకి రోషమొచ్చింది. ఆ ఊపులోనే, కబురు తెచ్చినవాడికే ఇచ్చి చేసేశారు. మరిది తిరిగొచ్చేసరికి పందిరి కూడా విప్పేశారు.

అప్పటినుంచీ మా అత్తగారు పుట్టింటి గుమ్మం తొక్కలేదు. బెజవాడ వెళ్ళాలంటే నందిగామ మీదుగానే కదా వెళ్ళాలి, ఆ ఊరు రాగానే కొంగు మొహం మీదికి లాక్కునేవారు. బస్సు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగితే డ్రైవర్ని తిట్టేవారు. దాహంతో నాలుక పిడచకట్టినా అక్కడ సోడా తాగనిచ్చేవారు కాదు, కంచికచర్ల దాకా ఆగాల్సిందే. నాకు ముందు నవ్వొచ్చేది. ఏడాది తిరిగేసరికి నేనూ మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాను. ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద నాకెంత కసి పుట్టిందంటే, పప్పు రుబ్బుతూ అతని మణికట్టునే తలుచుకునేదాన్ని.

మరి ఇన్నేళ్ళు ఎందుకు ఆగాడంటే, ఉస్తాదు మాట. "నేను బతికున్నంతకాలం నా బిడ్డలిద్దరూ ఒకరి మీద ఒకరు కర్ర ఎత్తొద్దు" అని ఒట్టు వేయించుకున్నారు. మరిది ఆ ఒట్టు తప్పలేదు. చివరి రోజుల్లో ఆయనకి కాళ్ళు ఒత్తిందీ, గంజి పట్టిందీ అతనే. ఆయన పోయారు. నలభయ్యో రోజు భోజనాలయ్యాక మరిది నందిగామకి మనిషిని పంపాడు, "దసరాకి మీ ఊళ్ళో ఆడదాం, కాచుకో" అని. అతను "రమ్మను" అన్నాడట, అంతే.

దసరా ఇంకా నెలుందనగా మా ఊరి సినిమా హాల్లోకి ఒక చైనా బొమ్మ వచ్చింది. కరాటే బొమ్మలంటే జనం పడి చచ్చే రోజులవి. పోస్టరు మీద కత్తులు చూసి క్వారీ కూలీలు, లారీ క్లీనర్లు, కాలేజీ కుర్రాళ్ళు మ్యాట్నీకి ఎగబడ్డారు. మేం ముగ్గురం వెళ్ళాం. తీరా చూస్తే, ఒక మనిషి ఎండిపోయిన ఏటి ఒడ్డున గుడిసె వేసుకుని కూర్చుంటాడు. తన మనిషిని తీసుకుపోయినవాడు ఏదో ఒకరోజు ఆ ఏరు దాటకపోడని ఎదురుచూపు. గాలి వీస్తుంది, ఇసక లేస్తుంది. అతను కత్తి నూరుకుంటాడు, గతం తలుచుకుంటాడు, మళ్ళీ నూరుకుంటాడు. ఆ తలుచుకున్నప్పుడల్లా ఒకావిడ వీపు కనిపిస్తుంది, ఒక్కసారైనా ఇటు తిరగదు. ఇంటర్వెల్ కాకముందే ఈలలు, "ఫైటింగేదిరా, రీలు మార్చరా!" అని కేకలు. చివర్న శత్రువు ఏట్లోకి దిగాడు, ఇతను లేచి నిలబడ్డాడు, అక్కడితో బొమ్మ అయిపోయింది! కుర్చీలు విరిగాయి. మావారు తెర మీది ఇంగ్లీషు చదివి మా చెవుల్లో చెబుతూ మధ్యలో తనే నిద్రపోయారు. మరిది మాత్రం లైట్లు వేసినా కదల్లేదు.

మర్నాడు ఒక్కడే మళ్ళీ వెళ్ళాడు. వచ్చి పెరట్లో అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తూ, "ఏముందయ్యా అందులో?" అన్నాను.

"వదినా, ఆ పిల్ల మొహం నాకు గుర్తు రావట్లా" అన్నాడు. "నిన్న బొమ్మలో ఆవిడ వీపే చూపిస్తుంటే గుర్తుచేసుకుందామని చూశా. జడ గుర్తుంది, గొంతు గుర్తుంది. మొహం దగ్గరికొచ్చేసరికి వాడే కనపడుతున్నాడు. ఇన్నేళ్ళూ వాణ్ణే తలుచుకున్నా గదా."

పోనీ ఇక వదిలెయ్యకూడదా అని నోటిదాకా వచ్చింది. అతనే మళ్ళీ అన్నాడు, పళ్ళు బిగించి: "మనిషిని తీసుకుపోయాడు సరే. మొహం కూడా తీసుకుపోయాడు. దానికీ కలిపి ఇస్తా."

దసరా నాడు మా అత్తగారు పట్టుచీర కట్టుకుని తయారయ్యారు. "ఇవాళ నేను నందిగామలో దిగుతా" అన్నారు. బస్సు దిగీ దిగగానే సోడా కొట్టించుకుని తాగారు కూడా. ఎండ వాలేవేళకి గాంధీ బొమ్మ దగ్గర జనం వలయం కట్టారు, డప్పులు మొదలయ్యాయి. ఆ స్నేహితుణ్ణి మొదటిసారి అప్పుడు చూశాను. నేను ఊహించుకున్న రాక్షసుడు కాదు. ఎరువుల కొట్లో కూర్చుని కూర్చుని కాస్త పొట్ట వచ్చిన మనిషి, కళ్ళ కింద నలుపు. ఇద్దరూ నేలకి దణ్ణం పెట్టుకున్నారు, పోయిన ఉస్తాదుకీ పెట్టుకున్నారు. కర్రలు కలిశాయి. కాసేపు అది ఆటే అనుకున్నారు జనం, చప్పట్లు కొట్టారు. మరిది కర్ర గుండ్రంగా తిరిగి, ఒక్కసారి కిందినుంచి లేచింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అతను కుడిచెయ్యి పొట్టకి అదుముకుని కూలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. ఆ దెబ్బకి కర్ర అడ్డం పెట్టగలిగీ అతను పెట్టలేదని మావారు ఇప్పటికీ అంటారు. నాకు తెలియదు. నేనప్పుడు మా అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, "అయ్యింది, అయ్యింది" అంటున్నాను.

ఆడవాళ్ళ గుంపులోంచి ఆవిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కంగారేం పడలేదు. మొగుడి భుజం మీది తువ్వాలు తీసి చేతికి కట్టి, మెడలో ముడేసింది. అప్పుడు లేచి మా మరిది ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు తీరిందా బావా నీకు రావటానికి?" అంది.

మరిది కర్ర కింద పెట్టాడు. "వాడు అబద్ధం చెప్పాడు. నేనెవర్నీ..."

"తెలుసు. పెళ్ళయిన నెలకే తెలిసింది నాకు. మద్రాసునుంచి వచ్చావని కూడా తెలిసింది. ఇవాళొస్తావు, రేపొస్తావు, వచ్చి నన్నొక్క మాట అడుగుతావని గుమ్మంలో కూర్చున్నా. వస్తే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. నువ్వు రాలా. ఊళ్ళోవాళ్ళు చెప్పారు, మీ బావ కర్ర తిప్పుతున్నాడూ అని."

"వాడికి బుద్ధి చెబుదామనే..."

"నేను చెప్పలేదనుకున్నావా?" అంది, గొంతు పెంచకుండానే. "ఇన్నేళ్ళూ ఆయనతో ఒక్క మంచి మాట మాట్లాడలా నేను. వండి మూతపెట్టటం, ఆయనే పెట్టుకు తినటం. రోజూ కొంచెం కొంచెం విరిచా. ఇవాళ నువ్వొచ్చి చెయ్యి విరగ్గొట్టావు. ఇప్పుడా మనిషికి అన్నం ఎవరు కలిపి పెట్టాలి? నేనేగా!"

తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, "ఇంటికి రా అత్తా, ఎంతసేపట్నుంచో నిలబడ్డావు" అంది. అంత రోషం గల మా అత్తగారు కొంగు మొహం మీదికి లాక్కున్నారు.

తిరుగు బస్సులో మరిది కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక, నావైపు తిరక్కుండానే, "మొహం గుర్తుండిపోయింది వదినా. ఇప్పుడు చూసిందే. ఇంతకుముందుది ఇక రాదు" అన్నాడు.

పగ తీరాక అత్తగారికి పుట్టింటికి దారి తెరుచుకుంది. దీపావళికి వెళ్ళొచ్చి, మరిది అన్నం తింటుంటే, పక్కనే కూర్చుని గొంతు తగ్గించి నాతో చెప్పారు. పిండికట్టు ఇంకా విప్పలేదట. ఆ పిల్లే ముద్దలు కలిపి పెడుతోందట. "పెడుతూ పెడుతూ ఏదో అంది, వాడు నవ్వాడు. అదీ నవ్విందే! ఆ ఇంట్లో నవ్వు వినటం ఇదే మొదలని మా అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు." నేను సైగ చేసేలోపే చెప్పేశారు. మరిది చెయ్యి కంచంలో కాస్త ఆగింది. తర్వాత మజ్జిగ పోయమన్నాడు. శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి పెరట్లో చప్పుడు లేదు.

తర్వాత లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. సంబంధాలు తెస్తే, మంచి పిల్లేనంటూ మెచ్చుకుని, మరెవరికైనా చూడమనేవాడు. తాలింఖానా కుర్రాళ్ళు తెల్ల బట్టల కరాటే క్లాసులకి పోయారు. నందిగామలో ఆ మొగుడూ పెళ్ళాలకి ఇద్దరు పిల్లలు పుట్టారు. కసికొద్దీ నేను బారసాలకి వెళ్ళలేదు. మరిది వెళ్ళాడు, వెండి గిన్నె ఇచ్చి వచ్చాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పగ సాగినన్నాళ్ళూ మా ఇంట్లోవాళ్ళం అందరం అతను మద్రాసునుంచి దిగిన ఆ ఒక్క రోజులోనే ఉండిపోయామనిపిస్తుంది. కాలం మాకోసం ఆగిందనే అనుకున్నాం. అది మా గుమ్మం దాకా కూడా రాకుండా, నందిగామలో వాళ్ళింట్లో తన పని తాను చేసుకుపోయింది.